గ్లౌజు తీసిన చెయ్యి

ఆఫీసులో ఆవిడను సందేహాలమ్మ అనేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి, ఆ పేరు ఆవిడకు తెలియదని అందరి నమ్మకం. కొత్త పురుగుమందు ఏదైనా బజారులోకి రావాలంటే ముందు ఆవిడ బల్ల దాటాలి. మందు కొట్టేవాడి ఒంటికి ఎంత అంటుతుంది, ఎంతవరకు అంటినా పరవాలేదు అన్నది లెక్కగట్టడం ఆవిడ పని. పాలు రెండుసార్లు వాసన చూసి గానీ పొయ్యి మీద పెట్టని మనిషికి తగిన ఉద్యోగమే.

ఆ ఏడాది ఆవిడ ముందుకొచ్చినది తెల్లదోమ మందు. టమాటా తోట వేసిన తమ్ముడు దానికోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు. పాత మందుకు దోమ లొంగడం మానేసింది. తన తమ్ముడే దీనికోసం చూస్తున్నాడని ఆవిడ ఆఫీసులో పెద్దసారుకు ముందే చెప్పింది.

"మీరు తమ్ముడికి కాదు కదా, దేవుడికైనా మినహాయింపు ఇవ్వరు లెండి," అని ఆయన నవ్వేశాడు.

లెక్క తేలింది. గ్లౌజులు వేసుకుంటే ప్రమాదం లేదు. ఇక సంతకమే తరువాయి.

ఈలోగా సెలవు రావడంతో ఆవిడ తోటకు వెళ్లింది. తమ్ముడు పాత మందే కొడుతున్నాడు. చేతులకు గ్లౌజులు చూసి ముచ్చటపడింది. అంతలో మందు చిమ్మే నాజిల్ మూసుకుపోయింది. అతను గ్లౌజు పీకి, నాజిల్ విప్పి, వేలితో తుడిచి, నోటితో ఊదాడు.

"ఒరేయ్, గ్లౌజెందుకు తీశావు?"

"అది ఉంటే ఈ చిన్న ముక్క చేతికి చిక్కదక్కా. అందరం ఇంతే."

చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, మందు పడని వరసలో టమాటా కోసి, విరిచి సగం ఇచ్చాడు. చిన్నప్పటి నుంచీ ఏది దొరికినా అలాగే ఇచ్చేవాడు. ఆవిడ తినలేక, పారేయలేక నిలబడిపోయింది. ఇన్నేళ్లుగా తను కాగితం మీద లెక్కగట్టిన మనిషి ఒక్కసారైనా గ్లౌజు తీయలేదు. అలాంటివాడు ఏ తోటలోనూ లేడు. ఆవిడకు సిగ్గేసింది.

తిరిగొచ్చి, కొత్త మందు వట్టి చేతులకు ఎంత అంటుతుందో మళ్లీ లెక్క చేసింది. హద్దు దాటింది.

"గ్లౌజులు వేసుకోమని లేబుల్ మీద రాస్తున్నాం కదమ్మా?" అన్నాడు పెద్దసారు.

"నాజిల్ అది చదివి మూసుకుపోవడం మానదు కదండీ!"

మందు వెనక్కి వెళ్లింది. బలం తగ్గించి, వట్టి చేతికి అంటినా హాని లేదని చూపించమని కంపెనీకి చెప్పారు. ఆ పంటకాలంలో అయ్యే పని కాదది. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అడ్డుపడింది నువ్వేనటగా?"

"నేనేరా."

అతను ఫోన్ పెట్టేశాడు.

పంట పోయాక, పిలవకపోయినా ఆవిడ వెళ్లింది. ఆకులు మసిబారి ముడుచుకున్నాయి. తమ్ముడు ఆవిడను చూసి లేచాడు. తోటంతా తిరిగి ఒక్క మంచి కాయ వెతికాడు. కుళాయి దగ్గర కూర్చుని సబ్బుతో చేతులు కడిగాడు, గోళ్ల సందుల్లో కూడా, చాలాసేపు. తరవాత కాయ విరిచి సగం ఆవిడకు అందించాడు.

"కోపం పోలేదు," అన్నాడు. "తిను."