గోనెపట్టా వెనక పన్నీరు సోడా

బడుల్లో పిల్లలే పిల్లలకు తిండి పాఠాలు చెప్పే కార్యక్రమం ఒకటుంది. తొమ్మిదో తరగతి అమ్మాయిలు నాలుగో తరగతికి వెళ్ళి రాగులు, ఆకుకూరలు, చక్కెర, నూనె గురించి చెబుతారు. చెప్పింది చిన్నవాళ్ళకు ఎక్కిందో లేదో చూసి రాయడం నా పని. పుదుచ్చేరి మార్కెట్టు పక్కన మా నాయనకు చిల్లర అంగడి ఉండేది. గల్లా పక్కన కూర్చుని పెరిగినదాన్ని. చింతపండు తడిపారో లేదో వేళ్ళతో నొక్కి చెబుతాను. వంకాయల దగ్గర నేను బేరం మొదలుపెడితే అమ్మే ఆవిడ నిట్టూర్చి పీట వేసుకుంటుంది. నన్నెవరూ బురిడీ కొట్టించలేరని ధీమా.

ఆ ధీమాతోనే కదిర్కామం వైపు ఒక బడికి వెళ్ళాను. పాఠం చెప్పే పెద్దమ్మాయిల లీడరు, రెండు జడల పొడుగు పిల్ల, గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఈ క్లాసులో ఎవరి దగ్గరా మిఠాయి లేదు మిస్. కావాలంటే బ్యాగులు వెతుక్కోండి."

నేను వస్తున్నానని పొద్దున్నే అందరి బ్యాగులూ తనిఖీ చేసి, దొరికినవన్నీ డబ్బాలో వేసి, ఆఫీసు బీరువాలో పెట్టించిందట. నాకు నవ్వొచ్చింది. బుట్టలో మంచికాయలు పైన పేర్చడం మా నాయనకూ తెలుసు. అడుగున ఏముందో చూద్దామని నేను పిల్లల్ని ఒక్కొక్కరినే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను.

కిటికీ పక్కన ఒక చిన్నపిల్ల జవాబు చెప్పలేదు. తల బల్ల మీదికి వాలుతోంది.

"చాక్లెట్లు తీసుకున్నామని అలిగింది మిస్," అంది లీడరు.

దగ్గరికి వెళ్ళి నుదురు తాకాను. తడి. ఫ్యాను కిందే కూర్చున్నా చొక్కా కాలరు చెమటతో నానిపోయింది. పెదవులు వణుకుతున్నాయి. పేరు అడిగితే నా మొహంలోకి చూసింది గానీ, నేనెవరో, తానెక్కడుందో తెలిసినట్టు లేదు.

పక్కపిల్ల మెల్లగా అంది: "ఆమెకు వాళ్ళమ్మ దినామూ సూదేస్తుంది మిస్. చాక్లెట్టు మందు మాదిరి అని చెప్పింది. అందరూ అట్లనే సాకులు చెప్తారని ఈ లీడరక్క పెరుక్కునింది."

మా నాయనకూ షుగరు సూదులే. ఒకనాడు త్రాసు పట్టుకుని కూర్చున్న మనిషి ఇట్లాగే చెమటలు పట్టి, మమ్మల్ని గుర్తుపట్టక, ఒరిగిపోయాడు. అమ్మ బెల్లం నీళ్ళు తాగించింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు తర్వాత చెప్పాడు.

"డబ్బా యాడ? తీసుకురా!" నాకు తెలీకుండానే మా ఇంటి తెలుగు బయటికొచ్చింది. మళ్ళీ తమిళంలో అరిచాను. బీరువా తాళం హెడ్మిస్ట్రెస్ దగ్గర, ఆమె మీటింగుకు పోయింది. సంగతి తెలిసిన క్లాసు టీచరు సెలవులో ఉంది. మధ్యాహ్నం భోజనం బండిలో వస్తుంది, ఇంకా రాలేదు. బడి మొత్తానికి చిటికెడు చక్కెర లేదు.

"పడుకోనివ్వొద్దు. మాట్లాడిస్తూ ఉండు," అని లీడరుకు చెప్పి, వాళ్ళమ్మకు ఫోను చెయ్యమని పక్క క్లాసు టీచరుకు కేకేసి, రోడ్డు దాటి పరిగెత్తాను.

ఎదురుగా చిన్న అంగడి. నడిపే పెద్దాయన ఇంట్లో మా మాదిరే తెలుగు మాట్లాడే మనిషి. నా మెడలోని కార్డు చూడగానే ఆయన మొహం సర్దుకుంది.

"అన్నా, మిఠాయి ఏదైనా ఇయ్యి, తొందరగా!"

"మిఠాయా? బడి ముందర అమ్మకూడదన్నాక ఆ యాపారం ఎప్పుడో మానేస్తిమి తల్లీ. ఉడకబెట్టిన శెనగలుండాయి, ఇయ్యనా?"

"బిడ్డకు షుగరు పడిపోయిందన్నా!"

ఆయన ముసిముసిగా నవ్వాడు. "నువ్వు పరీక్ష పెట్టేదానికి వస్తావని పిల్లకాయలు ముందే చెప్పినారులే. నా దగ్గరనా నీ నాటకం?"

బతిమాలితే ఇంకా గట్టిపడ్డాడు. బేరంలో ఎన్నడూ ఓడని నోరు నాది. ఆ నిమిషాన ఒక్క మాటా పనికిరాలేదు. అప్పుడు బల్ల కింద వేలాడుతున్న గోనెపట్టా కనబడింది. దాని అంచు తడిగా ఉంది. తనిఖీవాళ్ళు వచ్చినప్పుడు మా నాయన సరుకు ఎక్కడ దాచేవాడో నాకు తెలీదా? వంగి పట్టా లాగాను. ఐసులో పన్నీరు సోడాలు, గులాబీ వాసనేసే తియ్యటి సీసాలు.

"ఏయ్, ఏయ్!" అని చెయ్యి అడ్డం పెట్టి, నా మొహం చూసి ఆగిపోయాడు. "నిజమేనా?" మూత తనే తీశాడు. ధర అడగకుండా నేను అంగట్లో తీసుకున్న మొదటి సరుకు అదే.

తిరిగొచ్చేసరికి లీడరు నేల మీద మోకాళ్ళూని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. మాట్లాడించమన్నాను కదా, తనకు తెలిసింది పాఠమే. "క్యారెట్టులో ఏముంది చెప్పు? రాగిలో ఏముంది? చెప్పు కన్నా, చెప్పు."

పిల్ల మింగగలిగే స్థితిలోనే ఉంది. సీసా నోటి దగ్గర పెట్టాను. వాసన తగలగానే మొహం తిప్పేసుకుంది.

"వద్దు," అంది. అంతసేపటికి ఆమె నోట వచ్చిన మొదటి మాట. "అక్క తాగకూడదనింది. మిస్ రాసుకుంటారు."

ఆ బడిలో నాకు అన్నిటికన్నా భయం వేసిన క్షణం అదే. పాఠం ఎక్కింది. నేను తూచడానికి వచ్చింది ఎదురుగానే ఉంది, పళ్ళు బిగించుకుని.

బల్ల మీద వదిలేసిపోయిన నా రాత కాగితాలు తీసి కిటికీలోంచి విసిరేశాను. "ఏమీ రాసుకోను తల్లీ, చూడు, కాగితాలే లేవు."

లీడరు సీసా అందుకుని తానొక గుక్క తాగింది. "నేను తాగినాను, చూడు. ఇప్పుడు నువ్వు."

పిల్ల ఒక చుక్క మింగింది. తర్వాత ఇంకొకటి. చాలాసేపు ఏమీ మారలేదు. ఇంక ఆలస్యమైపోయిందని నాలో నేను అనుకుంటుండగా, ఆ పిల్ల పక్కపిల్లను చూసి గుర్తుపట్టింది. తడి మూతి తుడుచుకుని, "అమ్మ కావాలి," అంది.

తల్లి ఆటోలో వచ్చి ఆసుపత్రికి తీసుకుపోయింది. పిల్ల బాగుందని హెడ్మిస్ట్రెస్ మర్నాడు ఫోను చేసి చెప్పిందాకా నాకు ముద్ద దిగలేదు.

కొన్నాళ్ళకు మళ్ళీ ఆ బడికి వెళ్ళాను. లీడరు పాఠం మొదలుపెట్టే ముందు నేరుగా ఆ పిల్ల బల్ల దగ్గరికి పోయి, పెన్సిల్ బాక్సు తెరిచి, చాక్లెట్లు ఉన్నాయని చూసుకుని మూసింది. తర్వాత వెనక్కి తిరిగి, ఆ బల్లకూ నాకూ మధ్య అడ్డంగా నిలబడింది.

"మీరు అక్కడే కూర్చోండి మిస్," అంది.

కూర్చున్నాను.