బల్ల కింద సుద్దగీత

మారికుప్పంలో రైలు పట్టాలు ఆగిపోయే చోటు చూసి పుట్టిన పిచ్చి ఇది. ఆరు నెలలుగా మా హాల్లో చెక్కబల్ల మీద మా బంగారు గనుల ఊరు కేజీఎఫ్ నమూనా కడుతున్నాను. బొమ్మ రైలు, స్టేషన్, బంగారం తీసేశాక పోసిన సైనైడ్ మట్టి దిబ్బలు, చివరికి మా ఇల్లు కూడా పెట్టాను.

ఈ రోజు పక్కింటి మునియప్ప మామకు చూపించాను. గనిలో పైకప్పు తట్టి, శబ్దాన్ని బట్టి నిలుస్తుందో కూలుతుందో చెప్పడమే ఆయన ముప్పై ఏళ్ల ఉద్యోగం.

"పైనంతా బాగుండాది. ఇంగ కింద యాడప్పా?" అన్నాడు.

సుద్దముక్క అడిగి తీసుకుని, బల్ల కిందికి దూరి, "మేము తవ్విందంతా ఇట్లా పోతాది" అంటూ అడుగున గీతలు గీశాడు. ఒక గీత సరిగ్గా మా బొమ్మ ఇంటి కిందుగా పోయింది.

"అయితే ఇల్లు కాస్త పక్కకు జరపనా మామా?" అన్నాను నవ్వుతూ.

"బొమ్మిల్లయితే జరపొచ్చులేప్పా."

ఆయన నవ్వలేదు. లేచి, చేతికర్రతో మా హాల్లో నేల తట్టుకుంటూ నడిచాడు. సోఫా ముందు ఆగి, ఒకే చోట మూడుసార్లు తట్టి, తలవంచి విన్నాడు. పెట్టిన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి ఇంట్లో అందరం ఆ చోటు చుట్టూ తిరిగి నడుస్తున్నాం. కేజీఎఫ్ వాళ్లారా, గనిలో దిగిన పెద్దల చేత మీ ఇంటి నేల ఎప్పుడైనా తట్టించారా? నా మాట వింటే, తట్టించకండి.