ఒకే పెట్టె, ఇద్దరు పెద్దలు

మా రిస్పర్ అడోంగోకి కోపమొస్తే అరవదు. బూట్లు విప్పి పక్కన పడేసి, ఉత్తకాళ్ళతో కంప్యూటర్ల గదిలో అటూ ఇటూ తిరుగుతుంది. ఆ వానాకాలమంతా ఆమె అలా తిరుగుతూనే ఉంది. నేను బెంటాని. కెన్యాలో కిసుము ఊరి చుట్టుపక్కల మిషన్ ఆసుపత్రులన్నీ కలిసి పెట్టుకున్న రక్తనిధిలో, కిటికీ దగ్గర కూర్చుని రక్తం సంచులు అందించే మనిషిని. నా నోరు మంచిది కాదని అందరూ అంటారు. వచ్చి నా కుర్చీలో ఒక్క నెల కూర్చోమనండి, ఎవరి నోరు మంచిగా ఉంటుందో చూస్తాను.

రిస్పర్ తండ్రి చేపల పడవలకు ఇంజన్లు బాగుచేసేవాడు. విప్పిన ఇంజన్ల మధ్య పెరిగిన పిల్ల కాబట్టి యంత్రాలంటే బెరుకు లేదు. ఉద్యోగానికి వచ్చినరోజు, ఆడపిల్ల కంప్యూటర్ల గది చూసుకోగలదా, వేళకాని వేళలో పిలిస్తే వస్తుందా అని మగవాళ్ళు నసిగారు. అప్పటి డైరెక్టరు డాక్టర్ కన్సొలాటా అధియాంబో వాళ్ళ వంక చూసి, "పిలిస్తే మీరెప్పుడైనా వచ్చారా?" అని అడిగింది. ఉద్యోగం రిస్పర్‌కు వచ్చింది. ఆ రోజు నుంచి రిస్పర్‌కు డాక్టరమ్మ ఎంత చెబితే అంత.

మా రక్తం వివరాలన్నీ ఒకే సర్వరు మీద నడిచేవి. అది పడిపోతే కిటికీ మూసుకుని కూర్చోవడమే. అందుకని రెండు కొత్త సర్వర్లు, రెండింటికీ ఉమ్మడిగా ఒక డిస్కుల పెట్టె తెప్పించారు. ఒకటి పడిపోతే రెండోది ఆ పెట్టెనే అందుకుని పని సాగించాలి. చెప్పడానికి ఒక్క ముక్క. చెయ్యబోతే ఆ పిల్లకు తల ప్రాణం తోకకొచ్చింది. పెట్టెకు రెండు తీగలు వేస్తే, సర్వర్లను నడిపే లినక్స్ దాన్ని రెండు పెట్టెలనుకునేది. సర్వరు ఆపి మళ్ళీ వేస్తే నిన్నటి డిస్కుకు ఇవాళ ఇంకో పేరు ఉండేది. పేర్లు నమ్మకుండా డిస్కుల శాశ్వత నంబర్లు పట్టుకుని, అన్నీ మళ్ళీ మొదటినుంచి కట్టుకొచ్చింది. అన్నీ కుదిరాక కూడా ఆ సర్వర్ల జంట మొదలుకానని మొండికేసింది.

"ఇంకేం కావాలంట దానికి?" అన్నాను, నూనెలో వేయించిన తీపి మందాజీలు ఆమె ముందు పెడుతూ.

"కరెంటు కోసే స్విచ్చు కావాలంట, అక్కా. ఇద్దరు వంటవాళ్ళు, ఒకటే కుండ అనుకో. మధ్యలో గోడ అడ్డొస్తే ఒకడు ఉప్పేశాడని రెండోవాడికి తెలీదు. ఇద్దరూ వేస్తారు."

"ఉప్పెక్కువైతే నీళ్ళు పోస్తాం."

"ఇక్కడ నీళ్ళు పొయ్యడానికి లేదు. ఏ సంచిలో ఏ గ్రూపు రక్తముందో ఆ పెట్టెకే తెలుసు. రెండు సర్వర్ల మధ్య తీగ తెగిందనుకో, దేనికది రెండోది చచ్చిపోయిందనుకుని రాసేస్తుంది. పెట్టె మొత్తం నాశనం. అందుకే రాసేముందు ఒకటి రెండోదాని కరెంటు కొయ్యాలి. ఏది ముందు కోస్తే అది ఉంటుంది."

"మంచిదాన్ని కోసేస్తే?"

"కోసేస్తుంది. మంచీచెడ్డా దానికి తెలీదు. ఇద్దరు రాయకుండా ఉంటే చాలు."

నైరోబీ నుంచి ఫోనులో మాట్లాడే నిపుణుడు స్విచ్చు ఉండాలన్న షరతే తీసేయమన్నాడు. అందరూ తీసేస్తారట, తెరంతా పచ్చగా కనిపిస్తుందట. "పచ్చగా కనిపించడానికి గోడకి రంగేసుకోండి" అని రిస్పర్ ఫోను పెట్టేసింది. రెండో సర్వరును ఆపేసి, ఒక్కదాని మీదే పని నడిపిస్తూ, స్విచ్చు కోసం అర్జీ పెట్టుకుంది.

అర్జీ మీద డైరెక్టరు సంతకం కావాలి. మా ఖర్మ అక్కడే మొదలైంది, ఎందుకంటే అప్పటికి మాకు ఇద్దరు డైరెక్టర్లు.

బోర్డు రెండుగా చీలింది. ఒక వర్గం డాక్టరమ్మను దించి డాక్టర్ ఎలీషా ఒగొల్లాను వేసింది. ఆ దించడం చెల్లదని రెండో వర్గం కోర్టుకెక్కింది. తీర్పు వచ్చేదాకా ఎక్కడివాళ్ళు అక్కడే ఉండమన్నారు జడ్జిగారు. ఇంకేముంది, వరండాకు ఆ చివర ఆవిడ, ఈ చివర ఆయన. ఇద్దరికీ టీ వేరు, టీ తెచ్చే మనిషి వేరు. ఎదురుపడితే మొహాలు తిప్పుకోవడం. చదువుకున్నవాళ్ళు, పిల్లల్ని కన్నవాళ్ళు, సిగ్గుండాలి.

స్విచ్చు అర్జీ మీద డాక్టరమ్మ సంతకం పెట్టింది. ఆవిడ సంతకం పెట్టింది కాబట్టి ఒగొల్లా కొట్టేశాడు. "నా చూరు కింద ఒక యంత్రం ఇంకో యంత్రాన్ని చంపడమేంటమ్మా? పక్కపక్కన బతకడం నేర్పించు" అన్నాడట రిస్పర్‌తో. ఆమె నా దగ్గరికొచ్చి, "పక్కపక్కన బతకడం ఈయన చెప్తున్నాడక్కా" అని, నవ్వలేక, ఏడవలేక కూర్చుంది.

ఆ శుక్రవారం పొద్దున్న కొండమీది ఆసుపత్రి నుంచి బోడా, అంటే అద్దె మోటారుసైకిల్, నడిపే కుర్రాడు ఒమొండి వచ్చాడు. కాన్పైన అమ్మాయికి రక్తం ఆగడం లేదు. ఓ నెగటివ్ గ్రూపు రక్తం కావాలి. ఫ్రిజ్‌లో ఉంది. సంచి ఇవ్వాలంటే డైరెక్టరు కంప్యూటర్‌లో అనుమతి నొక్కాలి, అప్పుడు చీటీ అచ్చవుతుంది. చీటీ లేని సంచిని ఏ ఆసుపత్రీ రోగికి ఎక్కించదు. నేను ఇద్దరికీ కబురు పెట్టాను, ఎవరు ముందు నొక్కితే వారు నొక్కుతారులే అని. నాదే బుద్ధి తక్కువ.

డాక్టరమ్మ నొక్కింది. చీటీ అచ్చయ్యేలోపే ఒగొల్లా దాన్ని రద్దు చేసి, తన పేరుతో కొత్తది నొక్కాడు. ఈవిడ దాన్ని రద్దు చేసి మళ్ళీ నొక్కింది. తెరమీద సంచి పక్కన పచ్చ, ఎరుపు, పచ్చ, ఎరుపు. అదే సంచి, అదే అమ్మాయి. ఇద్దరూ ఇస్తామంటున్నారు, ఒకరినొకరు ఇవ్వనివ్వడం లేదు. ఎవరి పేరున చీటీ వెళితే వాళ్ళే డైరెక్టరని కోర్టులో చూపించుకోవచ్చు కదా.

ఒగొల్లా గదికి పరిగెత్తాను. "ఆవిణ్ణి వేలు తియ్యమను. నేను డైరెక్టర్ని" అన్నాడు. డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. "బెంటా, నేనిప్పుడు ఒప్పుకుంటే ఇన్నాళ్ళు కోర్టులో చెప్పిందంతా అబద్ధమవుతుంది. ఆయన్ని ఒక్క నిమిషం ఊరుకోమను, ఇచ్చేస్తాను" అంది. ఆ ఒక్క నిమిషం ఇద్దరి దగ్గరా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కిటికీ దగ్గర ఒమొండి హెల్మెట్ చేతిలో పట్టుకుని, "అమ్మా, ఆ కాన్పైన అమ్మాయి వాళ్ళమ్మ నాకు ఫోన్ చేస్తోంది, ఏం చెప్పను?" అంటున్నాడు.

రిస్పర్ గదిలోకి పోయి అరిచాను. "ఏమే, ఏదో ఒకటి చెయ్యవే."

ఆమె తెర వంక చూసింది. ఒగొల్లా గది వైపు చూసింది, డాక్టరమ్మ గది వైపు చూసింది. కూర్చుని ఏదో కొట్టింది. అంతే. తెరమీద ఎరుపు పోయి పచ్చ నిలబడింది, చీటీ బయటికొచ్చింది. చీటీ మీద ఒగొల్లా పేరు.

సంచులు మంచుపెట్టెలో సర్ది ఒమొండి చేతిలో పెట్టి పంపాక గానీ నాకు అర్థం కాలేదు. రిస్పర్ ఆపింది ఒగొల్లాను కాదు. తనకు ఉద్యోగమిచ్చిన మనిషిని.

మధ్యాహ్నం కొండమీది నుంచి ఫోనొచ్చింది, రక్తం అందిందని, అమ్మాయి గండం గడిచిందని. ఆ కబురు చెబుదామని రిస్పర్ గదికి వెళితే, డాక్టరమ్మ నాకంటే ముందే అక్కడుంది.

"నా పాస్‌వర్డ్ పనిచెయ్యట్లేదు."

"నేనే ఆపానమ్మా," అంది రిస్పర్, లేచి నిలబడి.

"ఆయనది?"

"ఉంది."

"కోర్టులో ఆ చీటీ చూపిస్తాడు. తెలుసా నీకు?"

"తెలుసు."

"నేను తప్పు, ఆయన ఒప్పు అనుకున్నావా?"

"లేదమ్మా. ఆయన్ని ఆపితే బోర్డుకు ఫోన్లు చేస్తాడు, పోలీసుల్ని పిలుస్తాడు, ఈ గదికి తాళమేయిస్తాడు. ఆ గొడవలో సంచి ఫ్రిజ్‌లోనే ఉండిపోయేది. మిమ్మల్ని ఆపితే మీరు ఆగుతారని నాకు తెలుసు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. అమ్మాయి ఎలా ఉందని నన్ను అడిగింది. బతికిందని చెప్పాను. తలూపి, తన గదికి వెళ్ళి తలుపు వేసుకుంది.

కేసు ఒగొల్లా గెలిచాడు. ఆ చీటీ ఒక్కటే కారణమని నేననను, కానీ ఆయన లాయరు చదివి వినిపించినవాటిలో అదీ ఉంది. తీర్పొచ్చిన మర్నాడు ఒగొల్లా అందరినీ వరండాలోకి పిలిచి, రిస్పర్ చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. "కష్టకాలంలో ఈ పిల్ల నా వైపు నిలబడింది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఏం చెయ్యాలో తెలియక నేనూ కొట్టాను.

"నేనెవరి వైపూ నిలబడలేదు సార్," అంది రిస్పర్.

ఆయన నవ్వాడు. "చూశారా ఎంత వినయమో," అన్నాడు.

డాక్టరమ్మ ఇప్పుడు బొండో దగ్గర చిన్న క్లినిక్ నడుపుతోంది. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక రిస్పర్ ఆవిడకు ఫోన్ చేస్తుంది. ఆవిడ ఇంకా ఎత్తలేదు.