తొమ్మిది గెలుపుల పిచర్

వర్షితది హనుమకొండ. బర్మింగ్‌హామ్‌లో ఒక ఫైనాన్స్ ఆఫీసులో పని. ఆదివారాలు మాత్రం ఒక చిన్న బేస్‌బాల్ క్లబ్బుకు ఆమె పిచర్. బ్యాటర్‌కు బంతి విసిరేది పిచరే కాబట్టి, ఆమె విసిరిన రోజు జట్టు గెలిస్తే ఆ గెలుపు ఆమె పేరున రాసేవారు. ఆ ఏడాది అలాంటివి తొమ్మిది.

వారం మార్చి వారం విసిరే రెండో పిచర్ సిరి. భీమవరం నుంచి మాస్టర్స్ చదవడానికొచ్చిన ఆ అమ్మాయిని క్లబ్బుకు తెచ్చింది కూడా వర్షితే. సిరి పేరున నాలుగే గెలుపులు. అయినా ఆమె చేయి వెనక్కి తీయగానే అవతలి జట్టులో మాటలు ఆగిపోయేవి. ఒకసారి సిరి విసురుతుండగా జట్టువాళ్లు తేలికైన క్యాచ్ వదిలేసి మ్యాచ్ పోగొడితే, వర్షిత పైకి అయ్యో అంది. లోపల మాత్రం హాయిగా అనిపించింది.

సీజన్ చివర పబ్ మేడమీద జరిగిన విందులో ఉత్తమ పిచర్ అవార్డు సిరికిచ్చారు. వర్షిత చప్పట్లు కొట్టలేదు. తర్వాత కోచ్ విద్యాసాగర్ అంకుల్‌ను మెట్ల దగ్గర ఆపింది.

"ఎక్కువ గెలిచింది నేను. అవార్డు ఆమెకెట్ల ఇస్తరు అంకుల్?"

"నువ్వు వేసిన రోజు మనోళ్లు ఏడెనిమిది రన్లు కొట్టిన్రమ్మా. ఆ పిల్ల వేసిన రోజు రెండు గూడ రాలే. అవతలోళ్లను ఆపుడే పిచర్ చేతిల ఉంటది. అండ్ల ఆమెనే ముందు."

ఆ మాటలు ఆమెకు సాకుల్లాగే వినిపించాయి. చలికాలమంతా సిరి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

వసంతంలో మొదటి మ్యాచ్ గ్లాస్గోలో. వర్షిత అంత బాగా ఎన్నడూ విసరలేదు. ఒకే ఒక్క రన్ ఇచ్చింది. కానీ జట్టువాళ్లు ఆ ఒక్కటీ కొట్టలేకపోయారు. ఓటమి ఆమె పేరున రాశారు. బెంచీ మీద కూర్చుని టోపీ ముఖం మీదికి లాక్కుంది.

సిరి వచ్చి పక్కన కూర్చుంది. "నేను చూసినవాటిల్లో మీరు ఇంత బాగా ఆడింది ఇయ్యాలేనక్కా."

"నీకు ఇట్ల ఎన్నిసార్లయింది?"

"లెక్కెట్టుకోలేదక్కా," అని సిరి నవ్వేసింది.

వర్షితకు అసూయ పోలేదు. ట్రోఫీ మీద నుంచి ఆ నవ్వు మీదికి మళ్లిందంతే. ఓడిపోయి అలా నవ్వడం తనకు రాదు. అయినా తిరుగు రైల్లో సిరి పక్కనే కూర్చుని, బంతి ఎలా పట్టుకుంటావో చూపించమంది. సిరి కుట్ల మీద వేళ్లు పెట్టి చూపించింది. వర్షితకు ఆ పట్టు దొరకలేదు. ఒళ్లు మండింది. ఇంకోసారి చూపించమంది.