చిన్నమ్మ సీసాల వరుస

పోయిన నెల ప్రొద్దుటూరులో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. కళ్లద్దాలు మార్పించుకుందామని వెళ్తే, ఆయన నన్నొక తెల్లటి గిన్నెలాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించి సూటిగా చూడమన్నాడు. లోపల అక్కడక్కడా వెలుగు చుక్కలు మెరుస్తాయట, కనిపించినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలట. ఏళ్ల తరబడి పిల్లలకు పరీక్షలు పెడుతున్నదాన్ని, పరీక్ష నాకే అనేసరికి కంగారుపడి వెలగని చుక్కలకు కూడా నొక్కేశాను. డాక్టరు నవ్వి, ఇంకోసారి చేయించి, కాగితం చూస్తూ ఇంట్లో ఎవరికైనా నీటికాసుల జబ్బు, అదే గ్లకోమా, ఉండేదా అని అడిగాడు. మా చిన్నమ్మకు ఉండేదని చెప్పాను. మొదట్లోనే పట్టుకున్నాం, మందు చుక్కలు వేసుకుంటే భయం లేదని ఆయన చాలాసేపు చెప్పాడు గానీ నేను సరిగా వినలేదు. బస్టాండుకు నడుస్తున్నంతసేపూ చిన్నమ్మే మనసులో ఉంది.

చిన్నమ్మ మా అమ్మకు సొంత చెల్లెలు. జమ్మలమడుగులో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పేది. తాతల కాలంలో మిషనరీ దొరల బడిలో చదువుకున్న క్రైస్తవ కుటుంబం మాది. సగం మంది టీచర్లు, మిగతా సగం నర్సులు. పెళ్లి చూపుల్లో కూడా పరీక్ష పేపర్ల గురించే మాట్లాడుకునే మనుషులం. చిన్నాయన త్వరగా పోయాడు, పిల్లలు లేరు. చిన్నమ్మకు బడి, ఆదివారం గుడి, ప్రయోగశాలలో ఆ చెక్క బీరువా, ఇవే లోకం. బీరువాలో ఫార్మలిన్ సీసాలు ఉండేవి. వాటిలో వానపాము, తేలు, నత్త, మద్రాసుకు విహారయాత్రకు వెళ్లినప్పుడు జాలరుల దగ్గర అడిగి తెచ్చిన నక్షత్ర చేప, జెల్లీ చేప, స్పంజిక. కడుపులో పెరిగే బద్దెపురుగు, ఏలికపాము మాత్రం కింది అరలో వెనకగా ఉండేవి. వాటి పాఠం ఎప్పుడూ మధ్యాహ్నం భోజనాలయ్యాకే చెప్పేది. తినకముందు చెబితే ఆ పూట అన్నం మిగిలిపోతోందని వంటామె ఒకసారి వచ్చి పోట్లాడిందట.

వెన్నెముక లేని జంతువుల పాఠం చిన్నమ్మ చెప్పినట్టు ఎవరూ చెప్పలేరని ఊళ్లో పేరు. నేను కూడా తొమ్మిదో తరగతిలో ఆమె దగ్గర విన్నదాన్నే. పిల్లల వైపు తిరిగి, వాళ్ల ముఖాలు చూస్తూ, చెయ్యి మాత్రం వెనక్కి చాచి సీసా తీసేది. తేలు చూపించి, ఎనిమిది కాళ్లు, ప్రతి కాలికీ కీళ్లు, బయటే గట్టి కవచం, అది పెరగాలంటే ఆ కవచాన్ని విడిచిపెట్టక తప్పదు అని చెప్పేది. నత్తకు ఒళ్లంతా మెత్తన, అందుకే ఇల్లు వీపున మోస్తుందనేది. నక్షత్ర చేప దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, దీనికి తల లేదు, అయినా ఎటు పోవాలో దానికి తెలుసు అనేది. పుస్తకంలో మొదట స్పంజికలు, తర్వాత జెల్లీ చేపలు, పురుగులు, ఆ తర్వాత మిగతావి వస్తాయి. చిన్నమ్మ మాత్రం పిల్లలు ఎర్ర అని పిలిచే, చేలల్లో రోజూ చూసే వానపాముతో మొదలుపెట్టి, తేలు, నత్త మీదుగా సముద్రం దాకా తీసుకుపోయేది. బీరువాలో సీసాల వరుస కూడా అదే.

రాష్ట్రం విడిపోయిన కొన్నేళ్లకు నేనూ ఆ బడిలోనే టీచరుగా చేరాను. అప్పటికి జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ప్రొద్దుటూరులో కొన్నాళ్లు పని చేసి ఉన్నాను. చదువు కొత్తగా తలకెక్కినవాళ్లకు ఉండే గర్వం నాకు కొంచెం ఎక్కువే ఉండేది. ఆ వేసవిలో ప్రయోగశాలకు సున్నం కొట్టించారు. సీసాలన్నీ దించి వరండాలో పెట్టారు. తిరిగి సర్దే పని నేనే అడిగి తీసుకున్నాను. "యాడివి ఆడనే పెట్టు పాపా" అని చిన్నమ్మ ఒక్క మాట చెప్పింది. నేను సరేనన్నాను. కానీ వానపాము పక్కన తేలు, స్పంజిక చివరన, ఇదేం వర్గీకరణ అనిపించి, పుస్తకంలో ఉన్న వరుసలో సర్దేశాను. స్పంజికను మొదట పెట్టాను. కంప్యూటరు మీద అచ్చు తీసిన చీటీలు కూడా అంటించాను. బడి తెరిచిన రోజు చిన్నమ్మ బీరువా దగ్గరికి వచ్చి, ఒక చీటీ మీద వేళ్లతో నెమ్మదిగా తడిమి చూసి, "బాగుండాయి పాపా" అంది. చదివిందనే అనుకున్నాను.

తొమ్మిదో తరగతికి ఆ పాఠం వచ్చిన రోజు నేను వెనక బల్ల మీద కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుకుంటున్నాను. చిన్నమ్మ ఎప్పటిలాగే పిల్లల వైపు చూస్తూ చెయ్యి వెనక్కి చాచి మొదటి సీసా తీసింది. ఒళ్లంతా ఉంగరాలు పేర్చినట్టుంటుందని మొదలుపెట్టింది. పద్నాలుగో ఉంగరం నుంచి పదిహేడో ఉంగరం దాకా మందంగా పట్టీలాగా ఉంటుంది, చూడండి అని వేలు పెట్టి చూపించింది. తరగతి బిగుసుకుపోయింది. తల ఎత్తి చూస్తే ఆమె చేతిలో స్పంజిక ఉంది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు బల్లలో ఒక అమ్మాయి లేచి, చాలా మెల్లగా, "టీచర్, అది ఎర్ర కాదు. స్పంజి" అంది.

ఎవరూ నవ్వలేదు. చిన్నమ్మ సీసాను రెండు చేతులతో పట్టుకుని తడిమి చూసింది. "ఎవురు మార్చినారు?" అంది. నేను లేచి, బడిలో ఉన్నానన్న సంగతి కూడా మరిచి, నేనే చిన్నమ్మా అన్నాను. ఆమె నా గొంతు వినిపించిన వైపు తల తిప్పింది.

"మంచిదే చేసినావు. పుస్తకంలో ఉండే వరసే సరైంది" అంది. తర్వాత పిల్లల వైపు తిరిగి, "నాకు కండ్లు శానావరకు పోయినాయి. ఏ సీసా యాడుండేదీ గుర్తు పెట్టుకొని ఇన్నాళ్లూ చెప్తాంటి. మీకు ముందే చెప్పాల్సింది" అంది.

ఆ అమ్మాయినే దగ్గరికి పిలిచి, ఒక్కొక్క సీసా అందించి పేరు చెప్పమంది. ఆ పిల్ల అందిస్తుంటే పాఠం చివరిదాకా చెప్పింది. ఎక్కడా గొంతు తడబడలేదు. గంట కొట్టాక కూడా పిల్లలు లేవలేదు.

ఆ సాయంత్రం నేను ప్రయోగశాలకు పోయి సీసాలన్నీ పాత వరుసలో పెట్టేశాను. మర్నాడు చెప్తే చిన్నమ్మ వద్దని తల ఊపింది. రెండేళ్లుగా చూపు పక్కల నుంచి మూసుకొస్తూ, గొట్టంలోంచి చూసినట్టు కొంచెమే మిగిలిందని, నొప్పి లేదు కాబట్టి వయసు అనుకున్నానని, తెలిసేసరికి ఆలస్యమైపోయిందని అప్పుడు చెప్పింది. బడి మానేస్తానంది. నేను పక్కన ఉండి సాయం చేస్తానని ఎంత బతిమాలినా వినలేదు.

"ఆసిడ్ సీసా పక్క అరలోనే ఉంటాది పాపా. నిన్న చేతికొచ్చింది స్పంజి కాబట్టి సరిపాయ" అంది.



ఆ నెలాఖరుకే రాజీనామా ఇచ్చి, పులివెందుల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉన్న మా మామ ఇంటికి వెళ్లిపోయింది. మామ ఆమెకు సొంత తమ్ముడు, బాగానే చూసుకున్నాడు. నేను నెలకో ఆదివారం బస్సెక్కి పోయేదాన్ని. బోరు కాలువ పక్కన, చీనీ చెట్టు నీడలో మంచం మీద కూర్చుని ఉండేది. మామ కూతుళ్లు తడి మట్టిలో దొరికిన పురుగునల్లా తెచ్చి ఆమె అరచేతిలో పెట్టేవాళ్లు. ముట్టుకోగానే చుట్టుకుపోతే, ఇది రోకలిబండ, ఒక్కో ఉంగరానికి రెండు జతల కాళ్లుంటాయి, లెక్కపెట్టండి అనేది. అంతలోనే గొంతు తగ్గించి, "ఈ మద్దె దాని రంగు గుర్తుకు రావడం ల్యా" అని నాతో మాత్రం అనేది. ఆ మాటన్న రోజు తిరుగు బస్సులో నేను కిటికీ వైపు ముఖం పెట్టుకునే వచ్చేదాన్ని.

నేను ఆమెకు ఒక మాట చెప్పాలని ప్రతిసారీ అనుకునేదాన్ని. సీసాలు మార్చింది సాయం చేద్దామని కాదు. ఆమె కంటే నాకే ఎక్కువ తెలుసని అందరికీ కనిపించాలని మార్చాను. యాడివి ఆడనే పెట్టమని ఆమె చెప్పినా వినకుండా మార్చాను. ఆమె మాత్రం వచ్చినవాళ్లందరికీ మా పాప నాకోసం చీటీలు కూడా అంటించిందని మురిపెంగా చెప్పేది. పక్కన మామో, అత్తో ఉండేవాళ్లు. లేదా ఆమె ఆ పూట సంతోషంగా ఉండేది. చెప్పి పాడు చేయడమెందుకులే, వచ్చే నెల చెబుదాం అనుకునేదాన్ని.

ఒక వానాకాలంలో జ్వరం వచ్చింది. మూడో రోజుకు మామ ఫోను చేశాడు. నేను పులివెందులలో బస్సు దిగేసరికి, పాస్టరు గారు వచ్చేశారని, ఇక తోటకు కాదు, నేరుగా సమాధుల దగ్గరికి రమ్మని మళ్లీ ఫోను వచ్చింది.

ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు మూడేళ్లు దొరికాయి. నెలకొక ఆదివారం, అందులో సగం రోజు మేమిద్దరం చెట్టు కింద. అప్పుడది ఎప్పటికీ తరగని కాలంలాగే అనిపించేది.