పదకొండు అరల రొంటి సంచి

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా గోడ మీద కాకి వాలిందని మొదలుపెడితే వీధి చివరికి చేరేసరికి అది రెండు నెమళ్లై కూర్చుంటుంది. మా ఆవిడ ఇన్నేళ్లుగా నా మాటల్ని నాలుగుతో భాగించి వింటోంది. మీరూ అలాగే చదువుకోండి. ఇది ఆవిడ తండ్రిని గురించిన ముచ్చట.

యుద్ధం నడుస్తున్న రోజులు. మా మామగారిది అనకాపల్లికి నాలుగు మైళ్ల ఊరు. చెరకు గానుగలు ఆడే నెలల్లో ఆ ఊరి బెల్లం పెనం దగ్గర పీట ఆయనది. రసం కాగి పాకమై, దించవలసిన ఘడియ ఏదో ఆయనే చెప్పాలి. కాస్త ముందైతే బెల్లం గట్టిపడదు, కాస్త ఆలస్యమైతే మాడుతుంది. అటు దేవరాపల్లి నుంచి ఇటు పూడిమడక సముద్రం దాకా ఆయన చెయ్యి పడిన బెల్లాన్ని చీమలు కూడా వేరుగా గుర్తుపట్టేవి.

పెనం దగ్గర కుడిచెయ్యి తెడ్డుది, ఎడమచెయ్యి మురికి తీసే చిల్లుల గరిటెది. మామగారికేమో చుట్ట కావాలి, ఆకూవక్కా కావాలి, నశ్యమూ కావాలి. ఈ మూడూ ఒకేసారి సాగించే మనిషిని నేను ఆయన తర్వాత మళ్లీ చూడలేదు. అందుకని పట్నం వెళ్లి, మొలకు కట్టుకునే సంచి ఒకటి కుట్టమని దర్జీ సాయిబుగారిని అడిగాడు. గుడ్డకి కరువు కదా, పాత గొడుగు బట్ట తానే పట్టుకెళ్లాడు. తోడు నేనూ వెళ్లాను.

“ఎన్ని అరలు పెద్దాయనా?”

“పదకొండు.”

సాయిబుగారు కత్తెర కింద పెట్టేశాడు. “సంచి కుట్టమన్నావా, పోస్టాఫీసు కట్టమన్నావా?”

“ఏ సరుకు ఆ గదిలో ఉండాల సాయిబూ. ఎతుక్కోకూడదు. సెయ్యెడితే దొరికిపోవాల.”

కట్టాడు పోస్టాఫీసు. చుట్టలు, అగ్గిపెట్టె, ఆకులు, వక్కలు, సూదీదారం, ముల్లు తీసే చిమటా, దువ్వెన, తాళంచెవి, శొంఠికొమ్ము, నశ్యం డబ్బీ, సున్నపు పొడి డబ్బీ. ఆ సున్నం బెల్లానికి. కాగే రసంలో చిటికెడు చల్లితే మురికంతా పైకి తేలుతుంది. వాన పడితే మామగారు తడిసేవాడు గానీ ఆయన నశ్యం తడిసేది కాదు.

అన్ని అరలు ఎందుకో ఒక్క అత్తకే తెలుసు. ఆయనకి చూపు మసకబారింది. ఆ మాట బయటపడితే పెనం దగ్గర పీట పోతుంది. పీట పోయిన మామగారిని అత్త ఊహించలేదు, ఆయన అసలే ఊహించలేడు. నాకు ఈ సంగతి తెలియదు. కొత్తల్లుణ్ణి, గానుగ చూడ్డానికని వచ్చాను. ఒక ఉదయం ఆయన నూతి దగ్గర స్నానానికి వెళ్లినప్పుడు, అరుగు మీది సంచి విప్పి సామాను మొత్తం లెక్కపెట్టాను. మళ్లీ సర్దాను కూడా. రెండు డబ్బీలూ ఒకే అచ్చు. ఏది ఏ అరలోదో పట్టించుకోలేదు.

మధ్యాహ్నానికి రసం మరుగుతోంది. మామగారు తెడ్డు ఆపకుండానే ఎడమచెయ్యి రొంటికి పోనిచ్చి, డబ్బీ తీసి, బొటనవేలితో మూత ఎగరగొట్టి, దర్జాగా చల్లాడు. నశ్యం.

పొయ్యి సెగకి అది లేచిందండీ! ముందు చెరకు అందించేవాళ్లు తుమ్మారు. తర్వాత పొయ్యి ఎగదోసేవాడు తుమ్మాడు. గానుగ తిప్పుతున్న ఎడ్లు రెండూ తుమ్మి, ఇటు తిరగవలసినవి అటు తిరిగాయి. రసం మళ్లీ చెరకులోకి ఎక్కిందని కూడా అందును గానీ, అంత చెబితే మీరు నమ్మరు.

ఆ రోజు వండుతున్న చెరకు పక్కింటి రైతుది. మామగారికి బావ వరస. ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏటి బావా, ఏటేసేవు?”

“సున్నమే కదేటి.”

“సున్నం ఎప్పుడైనా తుమ్మించిందేటి? మట్టిరంగు పొడి పడతంటే అల్లంత దూరం నించి నాను సూసేను. సేతిలోది నీకు కనపళ్లేదేటి?”

మామగారి చేతిలో తెడ్డు ఆగింది. ఆయన మొహం చూశాక నాకు అంతా తెలిసిపోయింది.

అప్పుడు నేనేం చేశానంటే, భుజం మీది తువ్వాలు తీసి నడుముకి బిగించి, నలుగురి మధ్యకి నడిచి వచ్చి, ఎలమంచిలి స్టేషన్‌కి వినిపించే గొంతుతో, “మామయ్య తప్పు కాదు. డబ్బీలు తారుమారు చేసింది నేను” అన్నాను.

రైతు నన్ను ఎగాదిగా చూశాడు. “అది సరే బాబూ. డబ్బీ మారితే మారింది. రంగు సూసుకోవద్దా?”

“పొగ, బావా. కంట్లో పొగ” అన్నాడు మామగారు.

రైతు పెనం దగ్గరికి వచ్చాడు. గరిటె తీసుకుని, తేలిన నశ్యాన్నీ మురికినీ తనే తీసిపారేశాడు. అసలైన సున్నం వెతికి చల్లాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. “దించేది ఎప్పుడో సెప్పగలవా?”

మామగారు పెనం వైపు చూడనేలేదు. చెవి అటు తిప్పి, బుడగల చప్పుడు చిక్కబడేదాకా కూర్చున్నాడు. గిన్నెడు నీళ్లు అడిగి, అందులో పాకం ఒక చుక్క వేయించి, వేళ్ల మధ్య ఉండ చేసి చూశాడు. “దించండి” అన్నాడు.

సాయంత్రానికి బెల్లం దిమ్మ గట్టిపడింది. రైతు వేలితో కొట్టి చూస్తే ఖంగుమంది.

“రేపట్నించి సున్నం నాను ఏత్తాను బావా. నువ్వు పాకం సూసుకో.”

“ఎంత ఏయాలో నీకేటి తెలుసు?”

“నువ్వు సెప్పు, నాను ఏత్తాను. పెళ్లాం మాట ఇన్నట్టు ఇంటాను, సరా?”

మామగారి పీట మరో మూడు పంటల దాకా కదల్లేదు.

ఇక నేను కల్పించింది చెప్పాలి. ఎడ్లు కాదు. ఎద్దు ఒకటైనా తుమ్మింది, దానికి సాక్షులున్నారు. కల్పించింది నా ధైర్యం. తువ్వాలు బిగించడం, నడిచి రావడం, ఆ గొంతు, అన్నీ. ఆ సమయంలో నేను చెరకు పిప్పి కుప్ప వెనక ఉన్నాను. మధ్యకి వచ్చింది అన్నం క్యారేజీ పట్టుకొచ్చిన అత్త. “నానే సంచి ఉతికి సర్దేను తమ్ముడా. నా సెయ్యి తప్పు” అంది. రైతు అన్నది కూడా “అది సరే బాబూ” అని కాదు, “అది సరే అక్కా” అని.

పొద్దున నేను సంచి విప్పడం ఆవిడ గుమ్మంలోంచి చూసిందట. ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చింది. సంచి తెచ్చి నా ముందు పెట్టి, “సున్నం రెండో గది, నశ్యం అయిదో గది. నువ్వే సర్దు బాబూ” అని, నేను సర్దేదాకా పక్కనే నిలబడింది.