కనకాంబరాల కార్డు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు. రెండే మాటలు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో సరోజమ్మగారి మేడ మీద గదిలో అద్దెకు ఉండేదాన్ని. ఆమెది హిందూపురం వైపు. పెళ్లయి బెంగళూరు వచ్చి నలభై ఏళ్లు. ఆదివారం మధ్యాహ్నాలు కిటికీ పక్కన కూర్చుని నీటిరంగులతో గ్రీటింగ్ కార్డులు చేసేవారు. పోయిన భర్త ఎక్స్‌రే ఫిల్ములను వేడినీళ్లలో నానబెట్టి, నలుపు కడిగేసి, బ్లేడుతో పూల ఆకారాలు కోసి స్టెన్సిళ్లుగా వాడేవారు. ఒక ఫిల్ము సరిగా కడిగినట్టు లేదు. వెలుగుకు పట్టి చూస్తే పక్కటెముకల నీడల మధ్య కనకాంబరాలు కనిపించేవి. ఆ గదిలో కాలం కూడా తడి కాగితం మీద రంగులా మెల్లగా పాకేది. నాకూ నేర్పాలని చూశారు. బ్రష్ ఆరినట్టుండాలి, పైనుంచి అద్దాలి అనేవారు. నాకు తొందర. నీళ్లెక్కువై రంగు స్టెన్సిల్ కిందికి పోయేది.

ఒక ఆదివారం కనకాంబరాల కార్డు చేశారు. వర్తూరులో ఉన్న చెల్లెలు జయమ్మగారి కోసం. జయమ్మగారి కొడుకు పెళ్లిలో ఏదో మాట పట్టింపు వచ్చి అక్కాచెల్లెళ్లు ఆరేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. నా ఆఫీసు ఆ దారిలోనే కాబట్టి కార్డు నా చేతికిచ్చారు. లోపల ఏమీ రాయలేదు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి మాల కట్టిన పూలవి, చూస్తే చాలు, దానికే తెలుస్తుందన్నారు.

లోపల ఒక్క ముక్క రాసి ఉన్నా నేనలా చేసేదాన్ని కాదేమో. ఇది సాకా? సాకే.

మర్నాడు ఆఫీసులో చేతిపనుల పోటీ. దానికోసం నేను చేసిన కార్డు మీద పూలు అలుక్కుపోయి ఉన్నాయి. సంచిలో ఆమె కార్డు ఉంది. సాయంత్రం ఎలాగూ ఇచ్చేస్తాను కదా, ఒక్క పూట బల్ల మీద పెడితే ఏం పోతుంది అనుకున్నాను. నా పేరు చీటీ పెట్టి మరీ ఉంచాను. మొదటి బహుమతి వచ్చింది. అందరూ చప్పట్లు కొడుతుంటే, నిజం చెబుతున్నాను, ఆ పూలు నేనే వేసినట్టు పొంగిపోయాను. సాయంత్రం వెతికితే కార్డు లేదు. గెలిచినవాటిని విదేశంలోని క్లయింట్‌కి పంపించేశారట.

ఇంటికొచ్చేసరికి ఆమె గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"ఇచ్చినావామ్మా?"

"ఇచ్చానాంటీ."

"ఏమనె?"

"ఏమీ అనలేదు."

"పూలు చూసిందా?"

"చూశారు."

"సరేలే. బాగుండాది కదా అది, అంతే చాలు."

ఎందుకలా అన్నాను? పోయిందని చెప్పొచ్చు. సంతోషించారని చెప్పొచ్చు. కానీ సంతోషించారంటే ఆమె వెంటనే ఫోన్ చేస్తారు, నా బండారం బయటపడుతుంది. ఏమీ అనలేదంటే ఇక ఎవరూ ఎవరినీ అడగరు. గేటు గడియ తీసే ఆ కాస్త సేపట్లోనే ఇంత ఆలోచించానంటే, నాలో నాకు తెలియని మనిషి ఒకరున్నారని అప్పటి నుంచీ నాకు భయం.

ఆమె మళ్లీ కనకాంబరాలు వేయలేదు. ఆ స్టెన్సిల్ నాకిచ్చేశారు. నేను తీసుకున్నాను కూడా.

నిరుడు సరోజమ్మగారు పోయారు. జయమ్మగారు వచ్చారు. ఆమెను చూడటం నాకదే మొదలు. చేతిలో మూరెడు కనకాంబరాలు. వాటిని అక్క తల దగ్గర పెట్టి, "ఒక్క మాటన్నా పంపించలేదు కదక్కా నువ్వు" అని ఏడ్చారు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు పెగల్లేదు. పెగల్లేదా, నేనే పెగలనివ్వలేదా?

నిన్న మధ్యాహ్నం ఆ స్టెన్సిల్ తీశాను. వాన పడుతోంది, గదంతా పల్చటి వెలుగు. బ్రష్ తుడిచి, పైనుంచి అద్దాను. ఇన్నేళ్లకు రంగు కిందికి పోలేదు. అచ్చం ఆమె పూలే. జయమ్మగారికి ఇలాగే ఇస్తే అక్క చేసిందనుకుంటారు, అది ఇంకో అబద్ధం. అందుకే లోపల రాశాను.

"మీ అక్క పంపారు. నేనే ఇవ్వలేదు."

క్షమించమని రాయలేదు. వర్తూరుకి ఎప్పుడు వెళ్తానో, అసలు వెళ్తానో లేదో తెలియదు. కార్డు కిటికీ దగ్గర ఆరుతోంది. రాశాను, అంతే.